మట్ట పట్టిన చేయి

(రేడియో ప్రసంగ పాఠము)

ధ్యాన వాక్యభాగములు: యోహాను 12:12-13, మత్తయి 26:67, యాకోబు 1:19, యెషయా 49:16

సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో, ఆ చుట్టుపట్ల పల్లెలలో, ఇంటి అరుగు మీదనో, మిల్లు దగ్గరనో, హైవే పక్కన ఆగిన లారీ క్యాబినులోనో కూర్చుని ఈ కొద్ది నిమిషాలు వాక్యము కొరకు కేటాయించినందుకు దేవుడు మిమ్మును దీవించును గాక.

ఈవేళ మీతో ఒక ఉత్తరం గురించి మాట్లాడాలని ఉన్నది. మిర్యాలగూడ నుండి ఒక చెల్లి వ్రాసింది. ఇంటర్మీడియట్ చదువుతున్నదట. ఇంగ్లీషు క్లాసులో రెండు మాటలిచ్చి, ఒక్కొక్క మాటకు ఎన్ని అర్థాలున్నవో వ్రాసుకు రమ్మన్నారట. మొదటి మాట పామ్. రెండవ మాట స్విఫ్ట్. డిక్షనరీ తెరిస్తే పామ్ అంటే అరచేయి అని కనబడింది. వెంటనే ఆ బిడ్డకు సందేహం వచ్చింది. "అయ్యగారూ, పామ్ సండే అంటే అరచేతుల ఆదివారమా? మన సంఘములో మట్టల ఆదివారం అంటాము. మా పక్కింటి కతోలిక అక్క వాళ్లు మ్రానికొమ్మల ఆదివారం అంటారు. ఇందులో ఏది సరి?" అని అడిగింది.

చదివి నవ్వుకున్నాను. కొంతసేపటికి ఆ నవ్వు పోయింది. నాకు పాత సంగతి ఒకటి జ్ఞాపకమొచ్చింది. అది తరువాత చెబుతాను. ముందు ఆ చెల్లి ప్రశ్నకు జవాబు చెప్పాలి.

అమ్మా, నీ డిక్షనరీ తప్పు చెప్పలేదు, మన సంఘమూ తప్పు చెప్పలేదు. పామ్ అంటే అరచేయి, పామ్ అంటే తాటి, ఈత, ఖర్జూరము, కొబ్బరి, ఆ జాతి చెట్లన్నీ. ఈ రెండూ వేరు వేరు మాటలు కావు. పాతకాలపు లాటిను భాషలో పాల్మ అంటే ముందు అరచేయి. ఆ చెట్టు ఆకు విచ్చుకున్న చేతిలాగా ఉన్నదని చెట్టుకు కూడా అదే పేరు పెట్టారు. నమ్మకం కలగకపోతే రేపు పొద్దున్న పొలం గట్టు మీదికి పోయి ఒక తాటి కమ్మ వైపు చూడండి. ఐదు వేళ్లు కాదు గాని, ఎన్నో వేళ్లున్న అరచేయి చాపినట్టే ఉంటుంది. పాత నిబంధన హెబ్రీ భాషలోనూ ఇంచుమించు ఇదే ఉన్నది. కఫ్ అంటే అరచేయి. లేవీయకాండము 23:40లో పర్ణశాలల పండుగకు తెమ్మని దేవుడు చెప్పిన మట్టలకు కూడా ఆ మాటనే వాడారు. ఖర్జూరపు చెట్టు అరచేతులు అన్నట్టుగా. కాబట్టి అరచేతుల ఆదివారమా అని నీవు అడిగినది నవ్వులాటకు తీసివేసే ప్రశ్న కాదు.

మన తెలుగులో అరచేయి వేరు, తాడు వేరు. అయితే మనకూ ఇటువంటి చిత్రములున్నవి. మన నల్గొండ, సూర్యాపేట వైపు తాటిచెట్టును తాడు అంటాము. కట్టే తాడునూ తాడే అంటాము. రెండూ ఎక్కువైతే తాళ్లే. తాడెక్కే మనిషి ప్రాణము తాడు మీదనే ఉంటుంది అంటే, అది చెట్టో మోకో వినేవాడే అర్థము చేసుకోవాలి. వేగు అనే మాట చూడండి. తెల్లవారు వేగుచుక్క ఉన్నది, యెహోషువ యెరికోకు పంపిన వేగులవారు ఉన్నారు, నూనెలో వేగే పకోడీ కూడా ఉన్నది. ఇంగ్లీషు వాళ్లను చూసి మనము నవ్వనక్కరలేదు.

బైబిలులో మాత్రము ఆ చెట్టు చాలా చోట్ల కనబడుతుంది. ఇశ్రాయేలీయులు మారా చేదు నీళ్ల తరువాత ఏలీముకు వచ్చినప్పుడు పండ్రెండు నీటి బుగ్గలు, డెబ్బది చెట్లు ఉన్నవని నిర్గమకాండము 15:27 చెబుతుంది. మన తెలుగు బైబిలు అక్కడ ఈతచెట్లు అన్నది. కీర్తన 92:12లో, నీతిమంతుని గురించి చెప్పేచోట, అదే చెట్టును ఖర్జూరము అన్నది. హెబ్రీలో రెండు చోట్లా ఒకే మాట, తామారు. యూదా కోడలి పేరు, దావీదు కుమార్తె పేరు అదే. అనువాదము చేసిన పెద్దలు మన పల్లెల ఈతవనాలను తలచుకొని ఒకచోట ఈత అని వ్రాసి ఉంటారని నాకనిపిస్తుంది. ఎడారిలో దాహముతో నడిచి వచ్చినవారికి ఈతచెట్టు అంటే మన రైతుకు వెంటనే కండ్ల ముందు నిలుస్తుంది. దెబోరా తీర్పు తీర్చినదీ ఖర్జూరపు చెట్టు క్రిందనే. యెరికోకు ఆ చెట్ల పేరుమీదనే పట్టణమని పేరు.

ఆ చెట్టు లేని దేశములలో మరి ఏమి చేస్తారు? రష్యాలో మార్చి, ఏప్రిల్ నెలలకు ఇంకా చలి పోదు. అక్కడ పచ్చి మట్ట ఎక్కడిది? అప్పుడే మొగ్గ వేసే విల్లో చెట్టు కొమ్మలు పట్టుకొని గుడికి పోతారు. ఆ ఆదివారమును విల్లో ఆదివారమనే పిలుస్తారు. మన నల్గొండలో 1890 ప్రాంతమున మిషను స్థాపించిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు ఆ రష్యా సామ్రాజ్యము నుండి వచ్చిన మెన్నొనైటులే. తాళ్లు లేని దేశము విడిచి తాళ్ల నడుమకు వచ్చిపడ్డారు. ఏ ఊరిలో ఏది పచ్చగా ఉంటే అది పట్టుకొని ప్రభువును ఎదుర్కొనబోవడమే సంఘము చేసిన పని. ఈ సంగతిని జ్ఞాపకముంచుకోండి, దీనితో నాకు పని ఉన్నది.

ఇక రెండవ మాట. స్విఫ్ట్ అనగానే మన యౌవనస్థులకు కారు గుర్తుకొస్తుంది. 2005లో మారుతి వారు తెచ్చిన కారు. అప్పటినుండి సూర్యాపేట మీదుగా హైదరాబాదుకు, విజయవాడకు ఎన్ని పోయినవో లెక్కలేదు. అమెరికాలో బిడ్డలున్న తలిదండ్రులకు బ్యాంకులో అడిగే స్విఫ్ట్ కోడు తెలుసు. 1973లో బెల్జియములో బ్యాంకులన్నీ కలిసి పెట్టుకొన్న సంస్థ పేరులోని మొదటి అక్షరాలవి. పాటలు వినే పిల్లలకు ఒక గాయని ఇంటిపేరు. పుస్తకాలు చదివేవారికి గలివరు కథ వ్రాసిన జోనాథన్ స్విఫ్ట్. ఆయన సంగతి చెబితే మీరు ఆశ్చర్యపోతారు. ఆయన ఒక పాదిరి. 1713 నుండి చనిపోయేవరకు డబ్లిను నగరములోని సెయింట్ పాట్రిక్ కథీడ్రలుకు డీనుగా ఉన్నాడు. గుడిలో నిద్రపోయేవారి మీద ఒక ప్రసంగము చేశాడు. కిటికీలో కూర్చుని నిద్రపోయి మూడవ అంతస్తునుండి పడిన ఐతుకు కథే దానికి ఆధారము. నా శ్రోతలు మంచము మీద పడుకొని వింటారు గనుక వారికి ఆ ప్రమాదము లేదు.

ఈ పేర్లన్నిటి వెనుక ఉన్న అసలు అర్థము వేగము. వడి. మన భాషలో జల్ది. ఈ వేగము మంచిదా చెడ్డదా అంటే బైబిలు రెండు విధములుగానూ మాట్లాడుతుంది. కీర్తన 147:15లో దేవుని వాక్యము బహు వేగముగా పరుగెత్తుతుంది. లూకా 15లో తప్పిపోయిన కుమారుని చూచిన తండ్రి, ముసలివాడు, పరుగెత్తుతాడు. అయితే ప్రసంగి 9:11లో పరుగు వడిగలవారిదే కాదని చెప్పబడింది. యోబు తన దినములు నేతగాని నాడెకంటె వడిగా పోయినవని ఏడ్చాడు. యాకోబు 1:19లో మనము వేగిరపడవలసినది ఒక్క దానికే, వినుటకు. మాటకు, కోపానికి నిదానము కావాలి. మనమేమో మాటకు వేగిరపడి వినుటకు నిదానిస్తాము.

అశాహేలును చూడండి. రెండవ సమూయేలు రెండవ అధ్యాయము. అడవి లేడివంటి పాదములు గలవాడని పేరు. అబ్నేరును తరుముతూ పోయాడు, కుడికిగాని ఎడమకుగాని తిరుగలేదు. అబ్నేరు అనుభవమున్నవాడు. నా వెంట రావద్దు బాబూ అని ఒకటికి రెండుసార్లు బ్రతిమాలాడు. అశాహేలు వినలేదు. అబ్నేరు ఈటె మడమ వెనుకకు పొడిస్తే ఆ వడిగలవాడు అక్కడికక్కడే పడిపోయాడు. కాళ్లకు ఉన్న వేగము చెవులకు లేకపోయింది.

ఇప్పుడు మరల ఆ పామ్ దగ్గరకు రండి. శ్రమల వారములో ఆ మాట రెండుసార్లు వస్తుంది. ఆదివారము యెరూషలేము దారిలో జనము ఖర్జూరపు మట్టలు పట్టుకొని ప్రభువును ఎదుర్కొన్నారు. గురువారము రాత్రి ప్రధానయాజకుని ఇంటిలో ఆయన ముఖము మీద ఉమ్మివేసి, గుద్ది, కొందరు అరచేతులతో కొట్టారు. మత్తయి 26:67. ఇంగ్లీషు బైబిలు చదివేవారికి రెండు చోట్లా పామ్ అనే మాటే కనబడుతుంది. ఆదివారపు పామ్ ఒకటి, గురువారపు పామ్ ఒకటి. నడుమ నాలుగు దినములు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆదివారము హోసన్నా అన్న నోళ్లే శుక్రవారము సిలువ వేయుమన్నవని మేము ప్రసంగములలో చెబుతుంటాము. నేనూ చాలాసార్లు చెప్పాను. బైబిలులో అలా వ్రాయబడలేదు ప్రియులారా. అది మా తొందర. మట్టలు పట్టుకొన్నవారు పండుగకు వచ్చిన జనమని యోహాను 12:12 చెబుతుంది. ఊళ్లనుండి నడిచి వచ్చిన సామాన్యులు. అరచేతులతో కొట్టినవారు ఎవరు? యాజకుని ఇంటివారు, సభ కూడినవారు, గుడి పని చేసేవారు. అంటే నావంటివారు. మట్ట పట్టిన చేయి పల్లెటూరివాడిది. దెబ్బ కొట్టిన చేయి బోధకునిది.

ఇది నాకెలా అర్థమైందో చెబుతానని మొదట అన్నాను.

నేను సేవలోకి వచ్చిన తొలి దినములు. కోదాడకు ఇవతల ఒక పల్లెలో సంఘము. మందిరము లేదు, తాటి కమ్మలతో కప్పిన పందిరి. నలుబది మంది కూడుకొనేవాళ్లము. ఆ ఊరిలో ఒక గీత కార్మికుడు ఉండేవాడు. భార్య విశ్వాసి. ఆయన లోపలికి వచ్చేవాడు కాదు గాని పాట మొదలైనప్పుడు వచ్చి బయట వేపచెట్టు మొదట్లో కూర్చునేవాడు. ప్రసంగము అయ్యేవరకు కూర్చునేవాడు. ఒక్కొక్కసారి నేను వేపచెట్టు వైపు చూసి గొంతు పెంచేవాడిని, కల్లు గురించి, తాగుడు గురించి. అప్పటి నా ప్రసంగములు అలాగుండేవి.

ఆ సంవత్సరము మట్టల ఆదివారానికి ముందు శనివారము, బాగా పొద్దుపోయినాక, ఆయన సైకిలు మీద పచ్చి తాటి కమ్మల కట్ట ఒకటి వేసుకొని వచ్చాడు. పెద్ద కట్ట. వెనుక క్యారియరు కనబడకుండా కట్టాడు. "అయ్యగారూ, రేపటికి మట్టలు కావాలంట గదా, మా ఇంటామె చెప్పింది," అన్నాడు. లోపలికి వస్తాడో రాడో అన్నట్టు పందిరి బయటనే నిలబడ్డాడు.

నేనేమన్నానో మీకు చెప్పాలంటే సిగ్గుగా ఉంది. "కల్లు చెట్టు ఆకు దేవుని మందిరములోకా అన్నా? మాకు కోదాడ నుండి ఖర్జూరపు మట్టలు వస్తున్నయి. నువ్వు తీసుకుపో," అన్నాను. వినలేదు, ఆలోచించలేదు, ఆ మనిషి ముఖము చూడలేదు. నోటికి ఎంత వేగముగా వచ్చిందో అంత వేగముగా అనేశాను. ఖర్జూరము వాక్యానుసారమైనది, తాడు లోకానిది అని అప్పుడు నా జ్ఞానము. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత ఉన్నది గదా. నేను దానిని ఇంకొక మెట్టు పైకి తీసుకుపోయి తాటాకునే కల్లు చేశాను.

ఆయన ఎదురు చెప్పలేదు. "సరె అయ్యగారూ," అని సైకిలు తిప్పుకొని పోయాడు. మర్నాడు వేపచెట్టు కింద ఎవరూ లేరు. కోదాడ నుండి మట్టలు రానూ లేదు. పిల్లలు వేపకొమ్మలు పట్టుకొని ఊరేగింపు చేశారు. ఆరాధన అయినాక ఒక ముసలమ్మ, సంఘములో అందరికంటె పెద్దది, నా దగ్గరకొచ్చి పందిరి పైకి చూపించింది. "బిడ్డా, ఈ కమ్మలు ఏ చెట్టువి? కప్పింది ఎవరు?" అన్నది. కప్పింది ఆయనే. నేను రాకముందు, భార్య అడిగితే, రూపాయి తీసుకోకుండా. ఆ పందిరి కింద నిలబడే నేను తాటాకు పనికిరాదన్నాను.

అయినా వెంటనే పోలేదు. దాని కారణము గర్వమే, ఇంకొకటి కాదు. వేగిరపడి మాటలాడినవాడు క్షమాపణకు మాత్రము ఎంతో నిదానిస్తాడు. మూడు వారాలు గడిచినవి. నాలుగవ వారములో ఒకరోజు తెల్లవారకముందే లేచి తాళ్లలోకి పోయాను. ఆయన అప్పటికే చెట్టు మీద ఉన్నాడు. కింద సైకిలు, లొట్లు. పైన మోకుకు వీపు ఆనించి, ముస్తాదు నడుముకు కట్టుకొని, రెండు కాళ్లతో చెట్టును పట్టి నిలబడ్డాడు. పిలవాలంటే భయమేసింది. చేయి జారితే? కింద నిలబడి ఎదురుచూశాను. పైకి చూస్తూ చాలాసేపు ఉండవలసి వచ్చింది. జీవితములో మొదటిసారి తాటిచెట్టును అంతసేపు చూశాను.

అప్పుడు చూశాను ఆ పిట్టలను. నల్లగా, సన్నగా, ఐదంగుళాల పొడవు ఉంటవేమో. రెక్కలు మంగలి కత్తిలాగ వంపు తిరిగి ఉన్నవి. ఊరికే చెట్టు చుట్టూ రివ్వున తిరుగుతున్నవి, వాలడము లేదు. ఒక్కటి మాత్రము వచ్చి, వేలాడే ఒక కమ్మ వెనుకభాగాన, గోడకు అంటించినట్టు నిలువునా అతుక్కొన్నది.

తరువాత పుస్తకములో చదివి తెలుసుకొన్నాను. ఇంగ్లీషులో దాని పేరు పామ్ స్విఫ్ట్. మిర్యాలగూడ చెల్లీ, నీ రెండు మాటలూ కలిసి ఒక పిట్ట అయినవి చూడు. వేగానికి పెట్టిన పేరు అది. పుట్టుక మొదలు ఎక్కువ కాలము గాలిలోనే. ఎగురుతూనే పురుగులు పట్టి తింటుంది, ఎగురుతూనే నీరు తాగుతుంది. కాళ్లు ఎంత పొట్టివంటే నిలువుగా పట్టుకొని వేలాడడానికే పనికొస్తాయి. తనంతట తాను నేల మీద దిగదు. అంత వేగము గలదానికి విశ్రాంతి తాటాకు మీదనే. ఈకలు, దూది పోగుచేసి తన ఉమ్మితో కమ్మ అడుగున అంటించి దోసిలిలో సగమంత గూడు కట్టుకొంటుంది. రెండో మూడో గుడ్లు పెడుతుంది. గాలికి కమ్మ ఎంత ఊగినా గుడ్డు జారిపోకుండా దానిని కూడా ఉమ్మితోనే గూటికి అంటిస్తుంది.

ఈ జాతి పిట్ట మన బైబిలులోనూ ఉన్నది. యిర్మీయా 8:7లో తాను రావలసిన కాలము ఎరిగిన పక్షులలో మంగలకత్తిపిట్ట ఒకటి. మరణకరమైన రోగములో హిజ్కియా తాను ఆ పిట్టవలె కిచకిచలాడితినని యెషయా 38:14లో చెప్పుకొన్నాడు. అక్కడి హెబ్రీ మాటకు స్విఫ్టు అనే అర్థమని చాలామంది పండితులు అంటారు. యెరూషలేములో పడమటి గోడ రాతి సందులలో నేటికీ స్విఫ్టులు గూళ్లు పెడతాయి. చలికాలము ఆఫ్రికాలో గడిపి, కాలమెరిగి తిరిగివస్తాయి. నేను మూడు వారాలు ఆలస్యము చేశాను. పిట్టకున్న తెలివి బోధకునికి లేదు.

ఆయన దిగాడు. నన్ను చూసి ఆశ్చర్యపడి, భుజము మీది తువ్వాల తీసి చేతులు తుడుచుకొని, "ఏంది అయ్యగారూ, ఇంత పొద్దుగల," అన్నాడు. "అన్నా, ఆ రోజు నేను తప్పుగ మాట్లాడిన. క్షమించమని అడుగుదామని వచ్చిన," అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. లొట్టిని సైకిలుకు కడుతూ మెల్లగా అన్నాడు.

"అది కాదయ్యగారూ. ఆ పొద్దు నాకు అంత ఆలస్యం ఎందుకైందనుకున్నరు? పిట్ట గూడున్న కమ్మ నేను కొయ్య. నా అయ్య కొయ్యలే, నేను కొయ్య. గుళ్లోకి పొయ్యే మట్ట గదా అని ఒక్కో కమ్మ వెనక్కి తిప్పి చూసి, గూడు లేనివి ఏరి ఏరి కోసిన. ఆరు చెట్లెక్కిన దానికి."

ఆరు చెట్లు. దినపు పని అయినాక, చీకటి పడుతుండగా, ఒక్కొక్క కమ్మ తిప్పి చూసి. ఎవరి కొరకు? హోసన్నా పాడే మా పిల్లల కొరకు. తాను లోపలికి రాని మందిరము కొరకు.

నేను చేయి చాపాను. ఆయన వెంటనే ఇవ్వలేదు. "మా చేతులు బాగుండవయ్యగారూ," అన్నాడు. నిజమే, అరచేయి నిండా కాయలు కాచి ఉన్నవి. బొటనవేలి మొదట్లో పాత కత్తి గాటు ఒకటి అడ్డముగా పోయింది. చేయి చూసి జాతకము చెబుతామనేవాళ్లు మన సంతలలో కూర్చుంటారు. విశ్వాసులు కూడా కొందరు ఎవరూ చూడకుండా పోయి చేయి చాపుతారని నాకు తెలుసు. ఆ చేతిలో వాళ్లకు ఏ గీత దొరికేదో! గీతలన్నీ అరిగిపోయి ఉన్నవి. ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని అంటాము చూడండి, కీర్తనకారుడు 119:109లో తన గురించి చెప్పుకొన్నట్టు, అది ఆయనకు మాటవరుస కాదు. ప్రతి ఉదయము, ప్రతి సాయంత్రము అదే.

యెషయా 49వ అధ్యాయములో సీయోను ఒక మాట అంటుంది, యెహోవా నన్ను మరచిపోయెనని. దానికి దేవుడిచ్చిన జవాబు 16వ వచనములో ఉన్నది. తన అరచేతుల మీద ఆమెను చెక్కుకొన్నానని. వ్రాసుకొన్నానని కాదు, చెక్కుకొన్నానని. మన పెద్దలు కాగితము లేని కాలములో తాటాకు మీద గంటముతో వ్రాసేవారు. సిరాతో పైన పూసినట్టు కాదు. ఇనుప మొన ఆకును కోస్తుంది. తరువాత మసి రుద్దితే ఆ కోత నల్లగా తేలి అక్షరమవుతుంది. గీసేటప్పుడు ఆకుకు గాయము, చదివేవారికి మాట. శతాబ్దాల నాటి తాళపత్రములు ఇంకా చదవగలుగుతున్నామంటే అందుకే. ఆ పామ్ మీద చెక్కిన రాతకూ ఈ పామ్ మీద చెక్కిన పేరుకూ ఎంత దగ్గర! తోమాకు ప్రభువు చూపించినది మేకుల గాయములున్న తన చేతులే. ఆ చేతులలో ఎవరి పేరు ఉన్నదో నిర్ణయించే అధికారము ఆ శనివారము సాయంత్రము నాకు ఎవరు ఇచ్చారు?

తరువాత ఆయన మందిరములోకి వచ్చాడా అని మీలో కొందరు ఎదురుచూస్తుంటారు. సాక్ష్యములన్నీ అలాగే ముగియాలని మనకు ఆశ. వచ్చాడు, ఆ యేడు క్రిస్మసుకు ఒక్కసారి, చివరి వరుసలో కూర్చున్నాడు. వేపచెట్టు కిందికి మాత్రము మళ్లీ రాలేదు. నన్ను చూస్తే నవ్వి పలకరించేవాడు. నేను ఒక్క నిమిషములో మూసిన తలుపు, క్షమాపణ అడిగినా పూర్తిగా తెరుచుకోలేదు. తరువాత నన్ను సూర్యాపేట వైపు మార్చారు. ఆయన ఇప్పుడు లేడు. కొన్నేళ్ల క్రితము పోయాడని తెలిసి వెళ్లాను. ఇంటి ముందు మోకు చుట్టి మేకుకు తగిలించి ఉన్నది. భార్య నన్ను కూర్చోమని, ముంజలు కొట్టి పెట్టింది.

ఆ పల్లెలో ఇప్పుడు పందిరి లేదు, సిమెంటు మందిరము ఉన్నది. ప్రతి సంవత్సరము మట్టల ఆదివారానికి ముందు శనివారము ఆయన కొడుకు తాటి కమ్మలు కోసి గుమ్మములో దింపి పోతాడు. కమ్మ వెనక్కి తిప్పి చూసే కోస్తాడని అక్కడి పాస్టరు గారు నాతో చెప్పారు.

మిర్యాలగూడ చెల్లీ, నీ నోటుబుక్కులో వ్రాసుకొనేంత జవాబు దొరికిందనుకుంటాను. మార్కులు ఎన్ని వచ్చినవో మళ్లీ ఉత్తరములో వ్రాయి.

ప్రార్థన చేసుకుందాము. పరలోకమందున్న మా తండ్రీ, ఈ రాత్రి తెల్లవారకముందే మోకు భుజాన వేసుకొని తాళ్లలోకి పోయే సహోదరులను నీ చేతికి అప్పగిస్తున్నాము. వారి కాలు జారనియ్యకుము. మా నోటి మాట వలన నీ గుమ్మము నుండి తిరిగి వెళ్లిపోయినవారి పేర్లు మాకు తెలుసు, ప్రభువా, నీకూ తెలుసు. వారి ఇంటికి పోవుటకు మాకు ధైర్యమిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.